ఈ రాయిని తొలిచింది ఏ నీరు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఏ గుట్ట దగ్గర నిలబడి పెద్దవాళ్లను అడిగినా ఒక మాట వినిపిస్తుంది: "ఒకప్పుడు ఇక్కడంతా సముద్రమే. ఆ అలల తాకిడికే ఈ గుండ్లు ఇలా నునుపు తేలాయి." ఇందులో సగం నిజం. చిక్కేమిటంటే ఆ నిజమైన సగాన్ని చదువుకున్నవాళ్లు పుక్కిటి పురాణమని కొట్టిపారేస్తారు, అబద్ధమైన సగాన్ని మాత్రం అందరూ నమ్ముతారు. దక్షిణ తెలంగాణలో కొంత భాగం మీద నిజంగానే సముద్రం ఉండేది. గుండ్లను నునుపు చేసింది మాత్రం అది కాదు.

ఫోన్లలో చేతులు మారే ఫొటోలు ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచాయి. విశాఖ తీరంలో మంగమారిపేట దగ్గరి రాతి తోరణం, తిరుమల శిలాతోరణం, శ్రీశైలం జలాశయం ఒడ్డున అక్కమహాదేవి గుహల ముందున్న తోరణం, వియత్నాంలోని హా లాంగ్ అఖాతం... అన్నింటి కిందా ఒకే వ్యాఖ్య ఉంటుంది: నీరు చెక్కిన శిల్పం. సరే, చెక్కింది నీరే అనుకుందాం. ఏ నీరు? ఏ రాయిని? ఎంతకాలం? ఈ మూడూ అడిగితే ఒకేలా కనిపించేవి దేని దారి అది పడతాయి.

కొండముక్కు మీదే దెబ్బ

సముద్ర గుహకు ముందుగా కావలసింది నీటిలోకి దిగిన కొండ. సూర్యలంక, చీరాల లాంటి తీరాల్లో ఎంత వెతికినా గుహ దొరకదు. అక్కడ ఉన్నదంతా ఇసుకే, తొలవడానికి రాయి లేదు. విశాఖ దగ్గర కథ వేరు. తూర్పు కనుమల కొండలు అక్కడ సముద్రం అంచు దాకా వస్తాయి. యారాడ కొండ ఏకంగా నీటిలోకి పొడుచుకుపోయింది. నల్లగొండలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి దిగితే చాలు, సముద్రం రాయి మీద పనిచేయడాన్ని దగ్గరగా చూడవచ్చు.

లోతు తగ్గే కొద్దీ అల నెమ్మదిస్తుంది. కొండముక్కు ముందు నీటి లోతు తక్కువ కాబట్టి అల అక్కడ నెమ్మదించి, పక్కల మీదుగా దాని వైపే వంగుతుంది. అంటే ముందుకు పొడుచుకొచ్చిన రాయిని మూడు వైపుల నుంచీ కొడుతుంది. పక్కనున్న వంపులోకి వచ్చేసరికి అదే అల బలం చెదిరిపోయి, మోసుకొచ్చిన ఇసుకను వదిలేస్తుంది. ఒకే తీరంలో ఇక్కడ చీలిన రాళ్లు, రెండడుగుల అవతల మెత్తని ఇసుక ఉండడానికి కారణం ఇదే.

ఆ దెబ్బ బలం ఎంత? 1845లో స్కాట్లాండ్ తీరంలోని స్కెర్రీవోర్ దగ్గర థామస్ స్టీవెన్సన్ అనే ఇంజినీరు స్ప్రింగు బిగించిన పరికరంతో దీన్ని కొలిచాడు. తుపాను అల చదరపు అడుగుకు 6,083 పౌండ్ల ఒత్తిడి చూపింది. మన లెక్కలో చదరపు అడుగు మీద రెండున్నర టన్నులకు పైమాటే. బంగాళాఖాతం రోజూ అంత ఉగ్రంగా ఉండదు. కానీ ఏడాదికి ఒకటి రెండు తుపానులు చాలు. మిగతా రోజుల చిన్న అలలు చేయలేనిది అవి ఒక్క రాత్రిలో చేస్తాయి.

అయితే నీటి బరువు ఒక్కటే రాయిని పగలగొట్టదు. అసలు పని పగుళ్లలో జరుగుతుంది. అల వచ్చి కొండను కొట్టినప్పుడు పగులులో ఉన్న గాలికి బయటికి పోయే దారి ఉండదు. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి కొట్టినప్పుడు లోపల గాలి ఎలా బిగుసుకుంటుందో పగులులోనూ అలాగే బిగుసుకుంటుంది. అల వెనక్కి పోగానే ఆ గాలి ఒక్కసారిగా విప్పుకుంటుంది. కొన్ని సెకన్లకు ఒకసారి చొప్పున వందల ఏళ్లు ఇదే జరిగితే పగులు వెడల్పై చెక్కలు ఊడతాయి. ఊడిన చెక్కలు ఊరికే ఉండవు. తరువాతి అల వాటినే ఎత్తి గోడకేసి కొడుతుంది. గుహ అడుగున గుండ్రటి గులకరాళ్లు కనిపిస్తే అవి ఆ గుహను తొలిచిన పనిముట్లే.

మూడోది ఉప్పు. అలల తుంపర రాతి రంధ్రాల్లోకి దిగి ఎండలో ఆరిపోతుంది. మిగిలిన ఉప్పు స్ఫటికాలుగా పెరుగుతూ గింజకూ గింజకూ మధ్య చోటు చేసుకుంటుంది. తీరపు రాళ్ల మీద అల అందనంత ఎత్తున కూడా చిన్న చిన్న గూళ్లు కనిపిస్తాయి. వాటి అంచులు గట్టిగా, లోపలి గోడలు పొడిపొడిగా ఉంటాయి. వేలితో రుద్దితే ఇసుక గింజలు రాలతాయి. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైట్ అనే రాయి. పుట్టుకలో గట్టిదే కానీ పొరలు పొరలుగా ఉంటుంది, వానకూ ఉప్పు గాలికీ ఎర్రబారి త్వరగా చివుకుతుంది. అలకు అది అనువైన రాయి.

ఈ పనంతా కొండ ఎత్తు పొడవునా జరగదు. ఆటుకూ పోటుకూ మధ్యనున్న సన్నని పట్టీలోనే జరుగుతుంది. అందుకే సముద్ర గుహ నేల ఇంచుమించు నీటిమట్టానికే ఉంటుంది. నోరు వెడల్పుగా ఉండి, లోపలికి పోయే కొద్దీ ఇరుకవుతుంది. లోపలికి పోయేసరికి అలకు బలం చాలదు కనుక చాలా సముద్ర గుహలు కొన్ని పదుల మీటర్లు దాటవు. ప్రపంచంలో అతి పొడవైనదిగా చెప్పే న్యూజిలాండ్‌లోని మటైనాకా గుహ కూడా సుమారు ఒకటిన్నర కిలోమీటరే. మన బేలం గుహలు 3,229 మీటర్లు. ఈ తేడా ఎందుకో తరువాత చూద్దాం.

కొండముక్కుకు రెండు వైపులా తొలిచిన గుహలు కలిస్తే తోరణం ఏర్పడుతుంది. తోరణం నడుము కూలితే సముద్రంలో ఒంటరి స్తంభం మిగులుతుంది. స్కాట్లాండ్‌లోని ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హాయ్ అలాంటి స్తంభమే, ఎత్తు 137 మీటర్లు. చివరికి అదీ పడిపోయి, ఆటు సమయంలో మాత్రమే కనిపించే మొండెం మిగులుతుంది. పుస్తకంలో ఈ క్రమం చదివితే లక్షల ఏళ్ల వ్యవహారంలా అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో "లండన్ బ్రిడ్జ్" అని పిలిచే రాతి తోరణం ఒక భాగం 1990 జనవరి 15న కూలింది. అవతలి కొసకు నడిచి వెళ్లిన ఇద్దరు పర్యాటకులు సముద్రం మధ్య చిక్కుకుపోతే హెలికాప్టర్‌తో దించారు. మాల్టా దేశం తన ప్రచారమంతా ముద్రించుకున్న అజూర్ విండో 2017 మార్చి 8న తుపాను గాలిలో పడిపోయింది. తోరణం ఎంత అందంగా కనిపిస్తే దాని చివరి దశ అంత దగ్గరపడినట్టు. ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఇది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సముద్రం ఎప్పుడూ ఇదే గీత దగ్గర లేదు. సుమారు 20,000 ఏళ్ల క్రితం మంచుయుగం ముమ్మరంగా ఉన్నప్పుడు నీటిమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. ఫ్రాన్స్‌లో మార్సెయ్ దగ్గరి కాస్కే గుహలో ఆదిమానవులు గీసిన గుర్రాల బొమ్మలున్నాయి. ఆ గుహ ద్వారం ఇప్పుడు సముద్రం కింద 37 మీటర్ల లోతున ఉంది. వాళ్లు ఈదుకుంటూ వెళ్లలేదు, నడిచే వెళ్లారు. నీరు ఇప్పటి మట్టానికి వచ్చి నిలబడి ఆరేడు వేల ఏళ్లకు మించలేదు. కొండ వయసు కోట్ల ఏళ్లలో ఉన్నా, దానిలో ఈ గీత దగ్గర అల తొలిచిన గుహ పసిగుడ్డే.

కరిగే రాయి

బేలం, బొర్రా గుహల్లో అల దెబ్బ లేదు. వాన చినుకు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) పీల్చుకుని కొద్దిపాటి పులుపెక్కుతుంది. ఆ పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. ఇక్కడ బలంతో పని లేదు, చీకట్లో, నిలకడగా, కిలోమీటర్ల దూరం దాకా పని సాగుతుంది. అందుకే పొడవులో సముద్ర గుహ దీనికి సాటిరాదు. కృష్ణకు అవతల పల్నాడులో ఉన్న గుత్తికొండ బిలం కూడా ఈ జాతిదే.

హా లాంగ్ అఖాతం ఇంకా తమాషా. సముద్రం మధ్య వందల కొండలు, వాటి నిండా గుహలు. చూడగానే అలల పనే అనిపిస్తుంది. నిజానికి ఆ సున్నపురాతి కొండలూ వాటి పెద్ద గుహలూ నేల మీదే, వాన నీటితోనే తయారయ్యాయి. తరువాత సముద్రం పెరిగి వాటి నడుము దాకా ముంచింది. నీటి అంచున రాయిని కొరికిన గాడి ఒక్కటే సముద్రం పని. ఇది అర్థం కావడానికి వియత్నాం దాకా పోనక్కర్లేదు. నాగార్జునకొండ ఇప్పుడు దీవి. 1967లో ఆనకట్ట పూర్తికాక ముందు అది లోయలో ఒక కొండ. దాన్ని దీవిని చేసిన నీరు దాన్ని చెక్కలేదు, చుట్టుముట్టింది, అంతే.

కర్ణాటకలో ఉడుపి దగ్గరి సెయింట్ మేరీస్ దీవుల్లో కోణాల స్తంభాలదీ ఇదే సంగతి. చల్లారుతున్న లావా ముడుచుకుని పగిలితే ఏర్పడినవవి. సముద్రం వాటిని కడుగుతోంది, అంతవరకే.

నల్లగొండ గుండ్లు నేల కింద పుట్టాయి

ఇక ఇంటి దగ్గరికి వద్దాం. భువనగిరి ఏకశిల, నల్లగొండను ఆనుకుని ఉన్న లతీఫ్ సాహెబ్ గుట్ట, దేవరకొండ, కోయిల్‌కొండ కోటల కింది బండలు... ఇవన్నీ గ్రానైటు, దాని దగ్గరి చుట్టాలైన రాళ్లు. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇవి సముద్రం అడుగున పేరుకున్న రాళ్లు కావు, భూమి లోపల కిలోమీటర్ల లోతున కరిగిన ద్రవం చల్లబడి గట్టిపడినవి. పైనున్న బరువంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక ఆ బండ ఊపిరి పీల్చుకున్నట్టు కాస్త వ్యాకోచించి పగిలింది. నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని పగుళ్లు. బండంతా ఘనాకారపు దిమ్మెలుగా విడిపోయింది.

ఆ పగుళ్లలోకి వాన నీరు దిగింది. గ్రానైటులో ఎక్కువగా ఉండే ఫెల్డ్‌స్పార్ ఖనిజాన్ని నీరు నెమ్మదిగా బంకమట్టిగా మార్చేస్తుంది. దిమ్మె ముఖానికి ఒకవైపు నుంచి, అంచుకు రెండువైపుల నుంచి, మూలకు మూడువైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి మూలలు ముందు పోతాయి. చదరపు దిమ్మె అలా నేల కిందే గుండ్రబడుతుంది. దాని చుట్టూ చివికిన భాగమే మనం రోడ్లకు పోసే మొరం. తరువాత వానలు మొరాన్ని కడిగేస్తే గుండ్లు బయటపడి, ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. ఎవరో పేర్చినట్టు కనిపించేది అందుకే. ఎవరూ పేర్చలేదు, చుట్టూ ఉన్నది కొట్టుకుపోయింది.

నమ్మకం కుదరకపోతే ఈ జిల్లాల్లో బోరు వేసేవాళ్లను అడగండి. పైన మట్టి, తరువాత మొరం, తరువాత పగుళ్ల బండ, ఆ కింద గట్టి బండ అని వరసగా చెబుతారు. గట్టి బండ తగిలాక పగులు దొరికితేనే నీళ్లు, లేకపోతే పొడి దుమ్మే. రాయి చివికే తీరు పాఠ్యపుస్తకాల్లో కంటే బోరు డ్రిల్లు పైకి తెచ్చిన పొడిలో బాగా కనబడుతుంది. ఇదే నీరు, ఇదే చివుకుడు గ్రానైటు ఖనిజాల్లోని ఫ్లోరైడ్‌ను కూడా కరిగించి బావుల్లోకి దించింది. గుట్టల మీద గుండ్లను అందంగా మలిచిన పనే నల్లగొండ పల్లెల్లో తరాల ఎముకలు వంచింది. అందం గురించి రాసేటప్పుడు ఈ ముక్క వదిలేయడం నాకు సబబు అనిపించదు.

సముద్రం నిజంగా వదిలివెళ్లినవి

మరి సముద్రం ఎక్కడ? దక్షిణానికి, కృష్ణ వైపు జరగండి. అమ్రాబాద్ గుట్టల దగ్గరికి వచ్చేసరికి కొండల రూపమే మారిపోతుంది. గుండ్లు మాయమై, పైన చదునుగా, పక్కలు గోడలా నిటారుగా ఉన్న కొండలు మొదలవుతాయి. గోడల్లో అడ్డంగా వరస వరసలు. ఇది కడప బేసిన్ ఉత్తరపు అంచు. సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల అర్ధచంద్రాకారపు పల్లం. వంద కోట్ల ఏళ్లకు ముందే అందులో లోతులేని సముద్రం నిలిచి, ఇసుకా బురదా సున్నమూ పేర్చింది. ఆ ఇసుక గట్టిపడి శ్రీశైలం క్వార్ట్‌జైట్ అయింది. ఆ కాలంలో భూమి మీద చెట్టూ చేమా లేవు, చేప లేదు. ఒడ్డున గడ్డిపోచ కూడా మొలవని సముద్రం అది.

దానికి రుజువు నల్లమల రాతి పలకల మీదే అచ్చుపడి ఉంది. పలక మీద ఎత్తుపల్లాల గీతలు వరసగా కనిపిస్తే చేత్తో తడిమి చూడండి. గీత ఒక పక్క వాలుగా, మరో పక్క నిటారుగా తగిలితే, నీరు వాలు వైపు నుంచి నిటారు వైపుకు పారిందన్నమాట. రెండు పక్కలూ ఒకే తీరుగా ఉంటే అలలు ముందుకూ వెనక్కూ ఊగిన లోతులేని నీరు. ఒక్క అరచేతి మేర రాతిలో ఆనాటి నీరు ఎటు కదిలిందో చెప్పవచ్చు. అలల పని కోసం వెతికేవాళ్లు గుండ్ల నునుపులో కాదు, ఈ గీతల్లో వెతకాలి.

ఆ పాత గ్రానైటు మీద ఈ ఇసుకరాయి కూర్చున్న గీతకు విలువ తెచ్చిపెట్టింది యురేనియం. సాగర్ దగ్గరి లంబాపురం, పెద్దగట్టు ప్రాంతాల్లో నిక్షేపాలు దొరికింది సరిగ్గా ఆ గీత దగ్గరే. ఇంకాస్త తూర్పున వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు గుంపుగా ఉండడానికి కారణమూ పాత సముద్రమే, అది పేర్చిన సున్నపురాయే. మన వాకిళ్లలో పరిచే నాపరాళ్లది కూడా సముద్రపు వంశమే. నాపరాయిని గీకి ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నని బుడగలు లేస్తాయి. గ్రానైటు మీద, క్వార్ట్‌జైట్ మీద ఎంత పిండినా ఏమీ కాదు. ఏ రాయిలో కరిగే గుహ ఉండగలదో తేల్చడానికి ఈ పరీక్ష చాలు.

ఇప్పుడు అక్కమహాదేవి గుహల సంగతి తేలిక. అక్కడి రాయి క్వార్ట్‌జైట్, ఒట్టి పలుగురాయి. నీటిలో కరగడం దాదాపు లేదు కనుక అది బేలం జాతి కాదు. సముద్ర గుహా కాదు. పాత సముద్రం ఆ ఇసుకను పేర్చిందే కానీ తొలవలేదు. రాయిగా మారి, పైకి లేచి, కృష్ణ లోయను లోతుగా కోశాకే అక్కడ కొండచరియ అనేది ఏర్పడింది. అలాంటి చరియలో వాన నీరు నిలువు పగుళ్ల వెంట దిగి, పొరల మధ్య మెత్తని చోట్ల ఊరుతుంది. ఆ మెత్తనిది రాలిపోతే పైనున్న గట్టి పలక గాలిలో నిలుస్తుంది. లోపలి బాట అంత ఇరుకుగా, పగులు పోయిన దారినే పోవడం చూస్తే ఇది అర్థమవుతుంది. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరంలో వేలాడే చరియ కింద గుడి, ఎండాకాలంలోనూ పైనుంచి రాలే నీటి బొట్లు చూసినవాళ్లకు ఈ పని ఇంకా సాగుతూనే ఉందని వేరే చెప్పనక్కర్లేదు.

జలాశయం అలలే ఆ గుహలను చెక్కాయని పడవల్లో చెప్పే మాట మాత్రం నిలవదు. శ్రీశైలంలో నీరు నిండింది 1980లలో. అక్కమహాదేవి 12వ శతాబ్దపు శివభక్తురాలు. సంప్రదాయం చెప్పేదే తీసుకున్నా, ఆమె తపస్సు చేసిన గుహను ఎనిమిది వందల ఏళ్ల తరువాత వచ్చిన నీరు ఎలా తొలుస్తుంది? పైగా అల బలం గాలి వేగం మీద, దానికి అడ్డు లేకుండా దొరికే నీటి పొడవు మీద ఆధారపడుతుంది. బంగాళాఖాతంలో ఆ పొడవు వందల కిలోమీటర్లు. నల్లమల లోయలో మలుపు మలుపుకూ కొండ అడ్డం. నీటిమట్టం కూడా ఒకచోట నిలవదు. నిండినప్పుడు సముద్రమట్టానికి 885 అడుగుల ఎత్తున, వేసవికి పదుల అడుగుల కిందికి. అలకు ఒకే గీత దగ్గర ఏళ్ల తరబడి పనిచేసే వీలే లేదు. నీరు దిగినప్పుడు కొండ పాదాన కనిపించే తెల్లని పట్టీ దాని సంతకం, అంతకు మించి అది చేసింది లేదు.

కొల్లాపూర్ దగ్గరి సోమశిలను "మినీ మాల్దీవులు" అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. మాల్దీవులు పగడపు దిబ్బలు, అక్కడ కొండ అన్నదే లేదు. సోమశిలలో ఉన్నది ముంపుకు గురైన లోయ. దాని అడుగున ఊళ్లున్నాయి, అక్కడి పాత గుడులను రాయి రాయి విప్పి పైకి తరలించి మళ్లీ కట్టారు. ఆ అందానికి అరువు పేరు అక్కర్లేదు.

చూడడానికి బయలుదేరేవాళ్లకు రెండు జాగ్రత్తలు చెబితే సరిపోతుంది. అక్కమహాదేవి గుహలకు పాతాళగంగ నుంచి పడవలో వెళ్లాలి. పడవ నడవడం నీటిమట్టాన్ని, వాతావరణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ముందే కనుక్కోండి. విశాఖలో తోరణం దగ్గరికి నీరు వెనక్కి తగ్గుతున్న వేళ వెళ్లి, తిరిగి ఎక్కడం మొదలవక ముందే వచ్చేయండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుంది. తుపాను హెచ్చరిక ఉంటే ఆ వైపే పోవద్దు. తోరణం కింద కానీ దాని మీద కానీ నిలబడవద్దు. పక్క నుంచి తీసిన ఫొటోలోనే పగుళ్లు బాగా కనిపిస్తాయి.